పెద్ద కుక్కను ఆరుబయట ఫొటో తీయడం ఎలా: కొంత ఎండ, కొంత ఫ్లాష్

నేను ఫ్లాష్ పెట్టి తీసిన మొదటి పెద్ద కుక్క ఒక నల్ల గ్రేట్ డేన్. పొద్దు గూకే వేళ, కెమెరా నెత్తిన ఫ్లాష్, అన్నీ ఆటోమేటిక్. తీస్తున్నంతసేపూ బ్రహ్మాండంగా వస్తున్నాయనే అనుకున్నాను. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే వెనక తోటంతా కటిక చీకటి. ముక్కు జిడ్డు పూసినట్టు మెరుస్తోంది, మెడలో బిళ్ల తెల్లగా భగ్గుమంటోంది, కళ్లుండాల్సిన చోట రెండు పచ్చ బల్బులు. కుక్క యజమాని ఫొటోలు చూసి కాసేపు ఊరుకుని, "మావాడు ఇలా ఉండడండీ" అన్నారు.

ఆయన అన్నది నిజమే. తప్పు ఫ్లాష్‌ది కాదు, నాది. ఎండ చేయాల్సిన పని, ఫ్లాష్ చేయాల్సిన పని రెండూ ఒకే దీపం మీద వేశాను. ఆరుబయట ఫ్లాష్ వాడేటప్పుడు వీటిని విడదీయాలి. వెనక కనిపించే ఆకాశం, చెట్లు, గడ్డి ఎండ లెక్క. కుక్క ముఖం, కళ్లు, ఎండ పడని పక్క ఫ్లాష్ లెక్క. ముందు ఒకటి సెట్ చేసి, దాన్ని కదపకుండా రెండోది చేర్చుకోవాలి. కింద రాసిందంతా ఈ ఒక్క పని ఎలా చేయాలన్నదే. మధ్యలో కుక్క ఉంటుంది కాబట్టి దాని సంగతులు కూడా.

ఏం పట్టుకెళ్లాలి

మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మీరే తిప్పుకునేది), పైన ఫ్లాష్ తగిలించే షూ ఉన్న ఏ కెమెరా అయినా సరే. మామూలు స్పీడ్‌లైట్ (కెమెరా మీద తగిలించే చిన్న ఫ్లాష్) ఒకటి చాలు. కానీ దాన్ని కెమెరా నుంచి విడదీయడానికి రేడియో ట్రిగ్గర్ (తీగ లేకుండా దూరం నుంచి ఫ్లాష్‌ను వెలిగించేది) తప్పనిసరి. డబ్బు ఒక్కదానికే ఉంటే సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) ఆపి ట్రిగ్గర్ కొనండి. పక్కనుంచి వచ్చే గట్టి వెలుగుతో ఏదోలా సర్దుకోవచ్చు, కెమెరా మీంచి సూటిగా వచ్చే వెలుగుతో సర్దుకోలేం.

లెన్స్ 85 ఎంఎం గానీ, 70-200 గానీ అయితే మంచిది. చిన్న కుక్కలకు 35తో గడుస్తుందేమో గానీ పెద్ద కుక్క మూతి పొడవు. దగ్గరికెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు బంతంత, చెవులు ఎక్కడో వెనక. నవ్వు కోసం తీస్తే తప్ప ఆ దారి పట్టకండి.

వీటితో పాటు ఒక పాత తువ్వాలు (పెద్ద జాతులు చాలావాటికి చొంగ ఎక్కువ), నీళ్లు, గిన్నె, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత చాప ముక్క, కుక్కకు ఇష్టమైన తిండి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లాష్ పట్టుకునే మనిషి. లైట్ స్టాండ్‌ను నమ్ముకోవద్దు. ఒకసారి ఒక సెయింట్ బెర్నార్డ్ నన్ను పలకరిద్దామని వెనక్కి తిరిగింది, అంతే. తోక తగిలి స్టాండు, దాని మీద ఫ్లాషు, దానికున్న గొడుగు అన్నీ బురదలో పడ్డాయి. కుక్కకేమీ కాలేదు గానీ ఆ చప్పుడుకు బెదిరి ఇక ఆ రోజు గొడుగు వైపు రానేలేదు. స్టాండే గతి అయితే కాళ్ల మీద ఇసుక సంచి వేయండి. మనిషి దొరికితే మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చివర ఫ్లాష్ బిగించి చేతికివ్వండి. కుక్క కదిలితే ఆయనా కదులుతాడు.

ముందు కుక్కకు ఫ్లాష్‌ను పరిచయం చేయండి

దీనికి పావుగంట పోతుంది. పోనివ్వండి.

వెళ్లగానే కెమెరా బయటికి తీయకండి. కుక్కకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చోండి. అదే వచ్చి వాసన చూసుకుంటుంది. మీద నుంచి వంగి తల నిమరడం చాలా కుక్కలకు నచ్చదు, పెద్దవాటికైతే ఆ సంగతి గట్టిగానే చెప్పగలిగే బలం ఉంటుంది. తర్వాత కెమెరా తీసి నేల మీద పెట్టండి, దాన్నీ వాసన చూడనివ్వండి. లెన్స్ అంటే వాటికి రెప్ప వేయకుండా తమనే చూసే పెద్ద కన్ను. కొన్ని కుక్కలు లెన్స్ ఎత్తగానే మొహం తిప్పుకునేది అందుకే.

ఫ్లాష్‌లో బీప్ శబ్దం ఉంటే ఆపేయండి. కొన్ని ఫ్లాష్‌లు ఛార్జ్ అయ్యేటప్పుడు సన్నగా కూత పెడతాయి. మనకు వినిపించీ వినిపించనట్టుండేది కుక్కకు బాగానే వినిపిస్తుంది, మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానిది 40 దాటి వెళ్తుంది. మొదటి మెరుపు దూరం నుంచి, తక్కువ పవర్‌లో, వేరే దిక్కుకు తిప్పి వెలిగించండి. వెంటనే తినడానికి ఏదైనా పెట్టండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తూ కొంచెం కొంచెం దగ్గరికి రండి. మెరుపు తర్వాత తిండి వస్తుందని తెలిశాక, వెలగగానే మీ చేతి వైపు చూసే కుక్కలూ ఉన్నాయి.

ఉరుములకు వణికే కుక్క, మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఫ్లాష్ సంచిలోంచి తీయొద్దు. మామూలు కుక్కయినా తినే పని లేకుండానే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలింతలు, చెవులు వెనక్కి అంటుకుపోవడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇవి కనిపిస్తే దానికి టెన్షన్‌గా ఉందని అర్థం. ఫ్లాష్ ఆపండి. నీళ్లిచ్చి నీడకు తీసుకెళ్లండి. మళ్లీ అదే వస్తే సరి, రాకపోతే ఆ రోజుకు ఎండే గతి.

వేళ, చోటు

ఉదయం పొద్దు పొడిచాక మొదటి గంట, సాయంత్రం పొద్దు వాలే ముందు గంట. ఎండ అందంగా ఉంటుందన్న మాట అలా ఉంచితే దీనికి రెండు మొరటు కారణాలున్నాయి. ఒకటి, ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ కుక్కకు వేడి తట్టుకోవడం కష్టం, మధ్యాహ్నం పది నిమిషాలకే నాలుక జానెడు బయటికొస్తుంది. రెండోది, నడినెత్తి ఎండతో పోటీపడే శక్తి స్పీడ్‌లైట్‌కు లేదు. ఆ లెక్క కాసేపట్లో చెప్తాను.

కుక్కను నిలబెట్టే ముందు దాని వెనక ఏముందో చూడండి. వెనక చెట్లు పదీ పదిహేను మీటర్ల దూరంలో ఉంటే చక్కగా కరిగిపోతాయి. గోడకు ఆనించి నిలబెట్టకండి. సూర్యుడు కుక్క వెనక, కాస్త పక్కకు ఉండేలా చూసుకోండి. అప్పుడు వీపు మీద, చెవుల అంచున బొచ్చు వెలుగుతో గీత గీసినట్టు వస్తుంది, కళ్లు చికిలించుకోదు. ముఖం నీడలో పడుతుంది. పడనివ్వండి, ఫ్లాష్ తెచ్చింది దానికే.

మీరెక్కడ కూర్చోవాలి? గ్రేట్ డేన్ మగకుక్క భుజం ఎత్తే 80 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది, తల ఇంకా పైన. అంటే నిలబడ్డ పెద్ద కుక్కకు మీరు మోకాళ్ల మీద కూర్చుంటే కళ్లు కళ్లకు సమానంగా వస్తాయి. రాజసంగా కనిపించాలంటే ఇంకా కిందికి దిగి, చాప మీద పొట్ట ఆనించి పడుకోండి. ఆ ఎత్తు నుంచి చూస్తే తల చెట్లు దాటి ఆకాశంలోకి వస్తుంది. ఒక్కటి చూసుకోండి, దూరాన నేలా ఆకాశం కలిసే గీత కుక్క మెడను కోయకూడదు. వీపు కంటే కిందనో, తల కంటే పైనో ఉండాలి.

ముందు ఎండ లెక్క

ఇప్పుడు అసలు పని. ఫ్లాష్ ఆపేసే ఉంచండి. కుక్కను కూడా ఇంకా తీసుకురావద్దు, నీడలో యజమాని దగ్గరే ఉండనివ్వండి. దాని బదులు నేను నా నల్ల కెమెరా సంచిని గడ్డిలో నిలబెడతాను. సంచికి విసుగు రాదు.

కెమెరా మాన్యువల్‌లో పెట్టండి. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100. షట్టర్ సెకనులో 1/200 వంతు. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం 1/200 గానీ 1/250 గానీ ఉంటుంది, దాన్నే సింక్ స్పీడ్ అంటారు. అది దాటితే షట్టర్ మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండో తెర మూసుకోవడం మొదలుపెడుతుంది. సెన్సర్ మీద ఒక సన్నటి చీలిక మాత్రమే నడిచి వెళ్తుంది. ఆ క్షణంలో ఫ్లాష్ వెలిగితే ఫొటోలో ఒక పక్కన నల్ల పట్టీ పడుతుంది.

ఇక అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య పెరిగితే అది చిన్నదవుతుంది) తిప్పుతూ వెనక ఉన్న ఆకాశం, చెట్లు మీ కంటికి నచ్చేలా వచ్చేదాకా ఫొటోలు తీసి చూడండి. సంచి నల్లగా, చీకటిగా ఉంటుంది. దాన్ని అస్సలు పట్టించుకోకండి. చాలామంది తడబడేది ఇక్కడే, ముందున్నది చీకటిగా ఉందని మొత్తం వెలుగు పెంచేస్తారు, ఆకాశం తెల్లబోతుంది. నేనైతే కెమెరాలోని వెలుగు మీటర్ చెప్పినదానికంటే ఒక స్టాప్ తక్కువే, అంటే సగం వెలుగే ఉంచుతాను. సాయంత్రం ఆకాశంలో రంగు అప్పుడే నిలుస్తుంది. పొద్దు వాలే ముందు మామూలుగా నాకు ఎఫ్ 4, ఎఫ్ 5.6 మధ్య ఎక్కడో కుదురుతుంది.

ఎఫ్ 5.6 వచ్చిందని బాధపడకండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 85 ఎంఎం లెన్స్‌తో, ఎఫ్ 1.8 దగ్గర, రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి సుమారు 6 సెంటీమీటర్లే. జర్మన్ షెపర్డ్ కంటి నుంచి ముక్కు కొసకు దాదాపు దానికి రెట్టింపు దూరం ఉంటుంది. కళ్లు బాగుంటే ముక్కు మసక, ముక్కు బాగుంటే కళ్లు మసక. ఎఫ్ 5.6 దగ్గర ఆ లోతు సుమారు 18 సెంటీమీటర్లు అవుతుంది, ముఖమంతా పడుతుంది.

తర్వాత ఫ్లాష్ లెక్క

కెమెరా సెట్టింగులు ముట్టుకోకండి. ఫ్లాష్ మాన్యువల్‌లో 1/4 పవర్ పెట్టి సంచి మీద వెలిగించండి. వెలుగు ఎక్కువైతే పవర్ తగ్గించండి, తక్కువైతే పెంచండి. అంతే. ఇక్కడ ఒక సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా సులువు. సింక్ స్పీడ్ లోపల షట్టర్ వేగం ఫ్లాష్ వెలుగును మార్చదు, ఎందుకంటే ఫ్లాష్ మెరుపు షట్టర్ కంటే ఎన్నో రెట్లు చిన్నది. అపెర్చర్, ఐఎస్‌ఓ మాత్రం ఎండనూ ఫ్లాష్‌నూ రెండింటినీ మారుస్తాయి. కాబట్టి చీకటి పడుతున్న కొద్దీ వెనకభాగం డల్ అయిపోతుంటే షట్టర్‌ను 1/200 నుంచి 1/125కు, 1/80కి దించండి. తోట వెలుగు పెరుగుతుంది, కుక్క ముఖం అలాగే ఉంటుంది. ఇది కుదిరిన రోజు మీకే సరదా పుడుతుంది.

సంచి మీద బాగుంది అనిపించాక పవర్‌ను ఇంకో అర స్టాప్ తగ్గించండి. నా అనుభవంలో తీసేటప్పుడు చిన్న తెర మీద సరిపోయింది అనిపించిన ఫ్లాష్ ఇంట్లో చూసుకుంటే ప్రతిసారీ ఎక్కువే. ఫొటో చూసినవాళ్లు ఎండ భలే పడిందే అనాలి, ఫ్లాష్ వాడారా అని అడగకూడదు.

టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) వాడొచ్చు కదా అంటారా? కుక్క మీకూ ఫ్లాష్‌కూ దగ్గరికీ దూరానికీ తిరుగుతుంటే వాడొచ్చు. కూర్చున్న కుక్కకు మాత్రం మాన్యువలే నమ్మకం. నల్ల కుక్క ఫ్రేమ్ నిండా ఉంటే టీటీఎల్ దాన్ని బూడిద రంగుకు తేవాలని చూస్తుంది, తెల్ల కుక్క ఉంటే దాన్నీ బూడిద రంగుకే తేవాలని చూస్తుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మధ్యాహ్నపు లెక్క. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/250 అయితే అపెర్చర్ ఎఫ్ 11 దగ్గర ఉంటుంది. డబ్బా మీద గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే సంఖ్య; ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం) 60 మీటర్లు అని రాసి ఉన్న ఫ్లాష్ తీసుకుందాం. అది తల పూర్తిగా జూమ్ చేసి, ఫుల్ పవర్‌లో, ముందు ఏ గుడ్డా లేకుండా కొలిచిన సంఖ్య. 60ని 11తో భాగిస్తే ఐదున్నర మీటర్లు. సాఫ్ట్‌బాక్స్ తగిలించాక అందులో సగం దూరం కూడా రాదు. ప్రతి ఫొటోకూ ఫుల్ పవర్ కావాలి, మళ్లీ ఛార్జ్ అవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆలోగా కుక్క లేచి వెళ్లిపోతుంది. హై స్పీడ్ సింక్ (సింక్ స్పీడ్ దాటి కూడా ఫ్లాష్ వాడే పద్ధతి) పెట్టి 1/2000 దగ్గర ఎఫ్ 4 వాడుకోవచ్చు కదా అంటే, ఆ పద్ధతిలో ఫ్లాష్ ఒకే మెరుపు బదులు చీలిక నడిచినంతసేపూ సన్నగా దడదడా వెలుగుతూ ఉండాలి. దాంతో బలం ఇంకా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజు, చెట్టు నీడలో, సాయంత్రం దగ్గరి నుంచి అయితే హై స్పీడ్ సింక్ బంగారం. మండుటెండలో మూడు మీటర్ల అవతలున్న మాస్టిఫ్‌కు మాత్రం చాలదు. లెన్స్ ముందు మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) పెట్టి సింక్ స్పీడులోనే అపెర్చర్ తెరుచుకోవడం ఇంకో దారి, కానీ అది ఎండనూ ఫ్లాష్‌నూ సమానంగా కోస్తుంది కాబట్టి ఫ్లాష్‌కు బలమేమీ కలిసిరాదు. మధ్యాహ్నం తప్పనిసరైతే ఫ్లాష్ మూసేసి, పెద్ద చెట్టు నీడ అంచున, ముఖం బయటి ఆకాశం వైపు ఉండేలా కూర్చోబెట్టి తీయండి. చాలాసార్లు అదే మెరుగు.

ఫ్లాష్ ఎక్కడ పట్టుకోవాలి

కెమెరాకు పక్కగా, సుమారు 45 డిగ్రీల వాలులో, కుక్క తల కంటే రెండు మూడు జానల పైన. కుక్క కంట్లో గడియారం పది గంటలు గానీ రెండు గంటలు గానీ చూపించే చోట చిన్న తెల్ల చుక్క మెరిస్తే సరిగ్గా ఉన్నట్టు. కొన్ని పెద్ద జాతులకు కనుబొమల దగ్గర ఎముక ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, చర్మం కూడా వేలాడుతుంది. ఫ్లాష్ మరీ ఎత్తుకు పోతే కళ్లు గుంటల్లో పడతాయి. కంట్లో చుక్క లేని ఫొటో ఎంత బాగున్నా నేను పక్కన పడేస్తాను, కుక్క నిద్రమత్తులో ఉన్నట్టే ఉంటుంది.

పచ్చ బల్బుల సంగతి కూడా ఇక్కడితోనే తీరిపోతుంది. కుక్క కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి ఒక పొర ఉంటుంది. లోపలికొచ్చిన వెలుగును అది వచ్చిన దారినే వెనక్కి కొడుతుంది, చీకట్లో చూపు ఆనడానికి అది వాటికి సాయం. ఫ్లాష్ లెన్స్‌ను ఆనుకుని ఉంటే ఆ వెలుగు నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. నా గ్రేట్ డేన్‌కు జరిగింది అదే, పైగా పొద్దుపోయి కంటిపాపలు బాగా తెరుచుకుని ఉన్నాయి. ఫ్లాష్‌ను పక్కకు తీసుకెళ్తే వెలుగు తిరిగి ఫ్లాష్ వైపే పోతుంది, కెమెరాకు మామూలు గోధుమ రంగు కన్ను కనిపిస్తుంది. నీలికళ్ల హస్కీల్లో చాలావాటికి ఈ పొర ఉండదు, వాటికి మనుషుల్లాగే ఎర్రగా వస్తుంది. మందు మాత్రం అదే.

పెద్ద కుక్కలకు మాత్రమే వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. ఫ్లాష్ నుంచి దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతుకు పడిపోతుంది. పిల్లికో చిన్న కుక్కకో ఇది తెలియదు. కానీ గ్రేట్ డేన్ ముఖానికి మీటరు దూరంలో ఫ్లాష్ పెట్టారనుకోండి, తోక మొదలు రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. ముఖం మీద పడినదాంట్లో నాలుగో వంతే అక్కడ పడుతుంది. తల ఒక కుక్కది, నడుం ఇంకో కుక్కది అన్నట్టు ఉంటుంది. అదే ఫ్లాష్‌ను మూడు మీటర్లకు జరిపితే ముఖం మూడు, తోక నాలుగు. అప్పుడు వెనకభాగానికి సగానికి పైగా వెలుగు అందుతుంది, కంటికి తేడా పెద్దగా తెలియదు. కాబట్టి ముఖం ఒక్కటే తీసేటప్పుడు దగ్గరగా, ఒళ్లంతా తీసేటప్పుడు దూరంగా. దూరం జరిపినందుకు పవర్ పెంచుకోవాలి, మెత్తదనం కొంత పోతుంది. ఇంకో చిన్న కిటుకు: సాఫ్ట్‌బాక్స్ మధ్యభాగాన్ని ముఖం మీదికి కాక పక్కటెముకల వైపు తిప్పి, ముఖానికి దాని అంచు వెలుగు తగిలేలా పట్టించండి. ముక్కు మీది మెరుపు కూడా తగ్గుతుంది.

నల్ల బొచ్చు, తెల్ల బొచ్చు

నల్ల కుక్కకు ఎదురుగా ఎంత వెలుగు పోసినా అది తాగేస్తుంది. దాన్ని చూపించేది వెలుగు కాదు, మెరుపు. బొచ్చు నిగనిగలాడాలంటే వెలుగు ఏటవాలుగా తగిలి జారిపోవాలి. అందుకే రాట్‌వైలర్‌నో నల్ల న్యూఫౌండ్‌లాండ్‌నో తీసేటప్పుడు ఫ్లాష్‌ను ఇంకా పక్కకు, దాదాపు భుజానికి సమానంగా తీసుకెళ్తాను. పక్కటెముకల వంపు, భుజం కండ, మెడ మడత అన్నీ గీతలుగా లేస్తాయి. వెనక నుంచి ఎండ రెండో పక్క గీత గీస్తుంది. నీడలో మిగిలిన నలుపును నలుపుగానే వదిలేయండి, నల్ల కుక్క నల్లగానే ఉండాలి కదా.

ఇలాంటి కుక్కల మీద ఫోకస్ కూడా మొరాయిస్తుంది. జంతువుల కళ్లను పట్టే ఆటోఫోకస్ 2019లో సోనీ కెమెరాల్లో, 2020లో కానన్, నికాన్ మిర్రర్‌లెస్‌లలో వచ్చింది. చాలా సౌకర్యం, కాదనను. కానీ నల్ల ముఖంలో నల్ల కన్ను కనబడక ముక్కు మీదికో చెవి మీదికో దూకుతుంటే మొండికేయకుండా ఒకే పాయింట్ పెట్టి దగ్గరి కంటి మీద మీరే పట్టండి.

తెల్ల కుక్కకు కష్టం తక్కువ, జాగ్రత్త ఎక్కువ. ఎండ గీత గీసిన వీపు మీద వివరం కాలిపోతే తర్వాత ఎంత తన్నుకున్నా తిరిగి రాదు. కాలిపోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక చాలా కెమెరాల్లో ఉంటుంది, అది వేసి ఉంచండి. పచ్చగడ్డి మీద కూర్చోబెడితే గడ్డం కింద, పొట్ట మీద ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. మట్టి దారి మీదికి మారిస్తే పోతుంది.

ఇప్పుడు కుక్కను పిలవండి

సంచి తీసేసి ఆ చోటే కుక్కను కూర్చోబెట్టండి. తాడు విప్పకండి. చుట్టూ కంచె లేని చోట ఎంత బుద్ధిమంతమైన కుక్కయినా సరే. సన్నటి తాడు కట్టి, ఫ్లాష్‌కు అవతలి పక్కగా కిందికి వదిలి, యజమానిని ఫ్రేమ్ బయట పట్టుకోమనండి. తాడు బొచ్చుకు అడ్డంగా పడకుండా గడ్డి మీదుగా వెళ్తే ఫోన్‌లో కూడా చెరిపేయొచ్చు. కుక్క లేచి వెళ్లాక అదే ఫ్రేమ్‌లో ఖాళీ గడ్డిది ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చెరిపే పని ఇంకా తేలిక. మెడ పట్టీకున్న బిళ్లను వెనక్కి తిప్పండి, తువ్వాలుతో మూతి, కళ్ల మూలలు తుడవండి.

ఇక శబ్దాలు. వింత శబ్దం వినగానే కుక్క నోరు మూసి, చెవులు రిక్కించి, కొన్ని తల కూడా పక్కకు వాల్చి చూస్తాయి. ఆ చూపు ఒకటి రెండు సెకన్లే. ఒకే శబ్దం మూడుసార్లు పనిచేస్తుంది, నాలుగోసారికి మీరు దానికి పాతబడిపోతారు. అందుకే ముందు ఫోకస్ పట్టి, ఫ్లాష్ ఛార్జ్ అయ్యిందని చూసుకుని, అప్పుడు చేయండి. నేను నాలుకతో టిక్కుమనడంతో మొదలుపెట్టి, పిల్లికూత, గోళ్లతో సంచి గీరడం, చివరికి గురక దాకా వెళ్తాను. కీచుబొమ్మను మాత్రం ఆఖరుకు దాచుకోండి. దాన్ని నోట పట్టుకునేదాకా నలభై కిలోల కుక్క కుదురుగా కూర్చోదు. యజమాని ఒకవైపు పేరు పెట్టి పిలుస్తూ, మీరొకవైపు చిటికెలు వేస్తుంటే అది ఇద్దరి మధ్యా తల తిప్పలేక చస్తుంది. ఒక్కరే పిలవాలి, అదీ మీరు చెప్పినప్పుడే.

వేగంగా వగరుస్తుంటే నాలుక ఫొటో నిండా పరుచుకుంటుంది. రెండు నిమిషాలు ఆగి, నీళ్లు తాగించి, మళ్లీ మొదలుపెట్టండి.

పరుగెత్తించాలంటే

పరుగు ఫొటోలకు నేను ఎక్కువగా ఫ్లాష్ వాడను. 1/1600 గానీ అంతకు పైన గానీ షట్టర్, కంటిన్యూయస్ ఫోకస్ (కదిలేదాని వెంట కదిలేది), వరసగా ఫ్రేములు, ఐఎస్‌ఓ ఎంత కావాలంటే అంత. సెకనుకు పది ఫ్రేములు తీస్తే స్పీడ్‌లైట్ వాటి వెంట రాలేదు. ఒకటి వెలుగుతుంది, మూడు చీకటి.

అయినా ప్రయత్నిస్తానంటే మూడు సంగతులు. సింక్ స్పీడులో ఎండ బాగా ఉంటే ఫ్లాష్ కుక్కను ఆపుతుంది గానీ ఎండ ఆపదు, స్పష్టమైన కుక్క చుట్టూ దెయ్యంలా ఇంకో మసక కుక్క కనిపిస్తుంది. ఎండను రెండు స్టాపులైనా తొక్కిపెట్టాలి, అంటే చీకటి పడబోయే వేళే దీనికి సరైనది. రెండోది, పవర్ 1/8, 1/16 దగ్గర ఉంచండి. పవర్ తగ్గే కొద్దీ స్పీడ్‌లైట్ మెరుపు ఇంకా పొట్టిదవుతుంది, కదలికను గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది. మూడోది, కుక్క ఫ్లాష్ వైపు పరుగెత్తుకొస్తే ప్రతి అడుగుకూ వెలుగు మారిపోతుంది. అలా కాకుండా ఫ్లాష్ మనిషిని మధ్యలో నిలబెట్టి, ఆయన చుట్టూ విల్లులా పరుగెత్తేలా ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉండి పిలవండి. దూరం మారదు, పవర్ మార్చే పనీ ఉండదు.

ఎదురుగా వచ్చే పరుగు తీయాలని పడుకుని ఉంటే, పిలిచే మనిషిని మీ వెనక సూటిగా నిలబెట్టకండి. రెండు మూడు మీటర్లు పక్కన నిలబెట్టండి. ఒకసారి నేను సూటిగా నిలబెట్టాను. కుక్క దారి మార్చుకోలేదు. దానికి బ్రేకులు ఆలస్యం, నాకు మూడు రోజులు భుజం నొప్పి.

పొద్దు పూర్తిగా వాలాక

ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, మధ్యాహ్నపు ఎండలాంటి తెలుపు. అస్తమించే సూర్యుడు అంతకంటే ఎంతో పచ్చన. వెనకంతా బంగారం, ముఖం మాత్రం ట్యూబ్‌లైట్ కింద ఉన్నట్టు వస్తే ఫ్లాష్ బండారం బయటపడినట్టే. ఫ్లాష్ తల మీద నారింజ రంగు జెల్ (పలుచటి రంగు ప్లాస్టిక్ ముక్క) అంటించండి. సీటీఓ అనే పేరుతో పావు, అర, ఫుల్ అని దొరుకుతాయి. నేను మామూలుగా పావుతో మొదలుపెట్టి, ఆకాశం ఎర్రబడే కొద్దీ అరకు మారతాను. వైట్ బ్యాలెన్స్ (కెమెరా చేసే రంగుల సవరణ) ఆటోలో వదలకండి, ఎండ గుర్తు మీద పెట్టేయండి. లేకపోతే కెమెరా తెలివి చూపించి మీరు తెచ్చిన రంగంతా తీసేస్తుంది.

కుక్కకు ఓపిక అయిపోయిందని మీకంటే ముందు దానికి తెలుస్తుంది. నిలబడమంటే కూర్చుంటుంది, కూర్చోమంటే పడుకుంటుంది. మొత్తం కలిపి నలభై నిమిషాలు దాటితే నేనైతే ఆపేస్తాను. ట్రిగ్గర్ తీసేయండి, ఫ్లాష్ సంచిలో పెట్టండి, తాడు యజమాని చేతికి దగ్గరగా ఇచ్చేసి నీళ్లు పోయండి. కెమెరా మాత్రం చేతిలోనే ఉంచుకోండి. అంతా అయిపోయిందనుకుని అది కాళ్లు చాపి గడ్డిలో పడుకుంటుంది, గడ్డం యజమాని చెప్పు మీద ఆనిస్తుంది. ఆ గ్రేట్ డేన్‌ను ఆరు నెలల తర్వాత మళ్లీ తీసినప్పుడు వాళ్లు గోడకు తగిలించుకున్నది అలాంటి ఫొటోనే, ఫ్లాష్ లేనిది. అప్పటికి వెలుగు బాగా తగ్గిపోయి ఉంటుంది, కెమెరా ఇంకా ఫ్లాష్ సెట్టింగుల్లోనే ఉంటుంది. ఐఎస్‌ఓను 100 నుంచి 1600కు పెంచడం, వెలుగు తగ్గించిన ఆ ఒక స్టాప్‌ను తిరిగి ఇచ్చేయడం మర్చిపోకండి.